గుడ్లు లెక్కపెట్టే చదువు

ఆక్స్‌ఫర్డ్,
మే నెల, ఆదివారం

అమ్మా,

మొన్న ఫోనులో నాన్నగారు "అంత దూరం వెళ్లింది పక్షి గుడ్లు లెక్కపెట్టడానికా?" అని అడిగినప్పుడు నాకు జవాబు తోచలేదు. ఆయన తప్పేమీ అడగలేదు. నేనే సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. ఆయనకు చదివి వినిపించు.

ఇక్కడికి దగ్గరలో వైటమ్ అనే అడవి ఉంది, సుమారు 400 హెక్టార్లు. అందులోని చెట్లకు వెయ్యికి పైగా గూటిపెట్టెలు అమర్చి ఉన్నాయి. గ్రేట్ టిట్ అనే పక్షి వాటిలో కాపురం పెడుతుంది. పిచ్చుకంత ఉంటుంది. నల్లని తల, తెల్లని బుగ్గలు, పసుపు పొట్ట. పొదుగుతున్న తల్లి మూత తీసినా గూడు వదలదు, పాములా బుస కొడుతుంది. మొదటిసారి విన్నప్పుడు నిజంగానే వెనక్కి జంకాను.

ఈ పక్షి రోజుకు ఒక్క గుడ్డే పెడుతుంది. కాబట్టి ఎన్ని గుడ్లున్నాయో చూస్తే, మొదటి గుడ్డు ఏ రోజు పెట్టిందో వెనక్కి లెక్కగట్టవచ్చు. నాకు కావలసింది ఆ తేదీయే.

ఎందుకంటే, వసంతంలో ఓక్ చెట్టు చిగురు వేయగానే వింటర్ మాత్ అనే రెక్కపురుగు పిల్లలు, ఆకుపచ్చని పురుగులు, ఆ లేత ఆకుల మీద పడతాయి. గూటిలోని పిల్లలకు ప్రధాన ఆహారం అవే. ఒక్క గూటికి రోజుకు వందల పురుగులు కావాలి. కొద్ది వారాల్లోనే ఆ పురుగులు మట్టిలోకి దిగిపోతాయి. మొదటి గుడ్డు పెట్టిన నాటి నుంచి పిల్లల ఆకలి ముదిరేసరికి దాదాపు నెల పడుతుంది. అంటే పురుగు ఇంకా కంటికి కనిపించకముందే తల్లి రోజు చూసుకుని గుడ్డు పెట్టాలి. అది గుర్తొచ్చినప్పుడల్లా ఆ చిన్న ప్రాణి మీద నాకు గౌరవం పెరుగుతుంది.

ఇప్పుడు వసంతం ముందుగా వెచ్చబడుతోంది. వైటమ్‌లో 1961 నుంచి 2007 వరకు మొదటి గుడ్డు పెట్టే రోజు మునుపటి కంటే దాదాపు 14 రోజులు తొందరగా వచ్చేలా మారింది. ఇక్కడి తల్లులు ఏటేటా వాతావరణాన్ని బట్టి సర్దుకోగలుగుతున్నాయి. అన్నిచోట్లా అలా లేదు. నెదర్లాండ్స్‌లోని హోగె వెలువె అడవిలో పురుగులు మునుపటి కంటే ముందే రాసాగాయి గానీ, 1970ల నుంచి 1990ల మధ్య వరకు ఇవే పక్షులు వాటితో సమానంగా కదలలేదు. పైడ్ ఫ్లైక్యాచర్ అనే వలస పక్షి పరిస్థితి మరీ కష్టం. అది చలికాలమంతా పశ్చిమ ఆఫ్రికాలో గడుపుతుంది. ఇక్కడ చిగురు ముందే వచ్చిందని దానికి అక్కడ ఎలా తెలుస్తుంది? నెదర్లాండ్స్‌లో పురుగులు మరీ తొందరగా వచ్చే అడవుల్లో రెండు దశాబ్దాల్లో ఈ వలస పక్షుల సంఖ్య 90 శాతం దాకా పడిపోయింది.

నాన్నగారికి ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది. 47 ఏళ్లలో 14 రోజులంటే ఏడాదికి పూర్తిగా ఒక రోజు కూడా కాదు. ఒక ఏడు ముందు, మరో ఏడు ఆలస్యం. ఒక్క మనిషి రెండు మూడేళ్లు చూస్తే ఏ మార్పూ తెలియదు. డేవిడ్ లాక్ అనే పక్షి శాస్త్రవేత్త 1947లో ఇక్కడ ఈ లెక్క మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ఎందరో విద్యార్థులు వసంతం రాగానే చెట్టు చెట్టుకూ తిరిగి తేదీలు రాశారు. వాళ్లలో తొలితరం రాసేనాటికి వాతావరణ మార్పు అన్న మాట ఇంతగా వినిపించేది కాదు. 1950లలో ఎవరో వానలో తడుస్తూ రాసిన తేదీ ఇప్పుడు నా కంప్యూటర్‌లో ఒక గడిలో ఉంది. దాని కిందే నేను రాసింది.

అందుకే తప్పు రాయాలంటే భయం. పోయిన నెల ఒక పెట్టె నంబరు తారుమారుగా రాశానని రాత్రి అనుమానం వచ్చింది. తెల్లవారగానే మళ్లీ నడిచి వెళ్లి చూసి దిద్దుకున్నాను. ఒక్క అంకె తప్పితే పేజీ మొత్తం నువ్వు మళ్లీ చేయించేదానివి, గుర్తుందా? అప్పుడు కోపం వచ్చేది. ఆ రోజు మాత్రం దారి పొడవునా నువ్వే గుర్తొచ్చావు.

రేపు ఒక గూటిలో ఏడు పిల్లలకు పదిహేనో రోజు. కాళ్లకు నంబరున్న అల్యూమినియం రింగులు వేసి, తూచి, మళ్లీ గూట్లో పెట్టాలి. చీకటితోనే లేవాలి కాబట్టి ఇక ఆపుతాను. నాన్నగారు ఏమన్నారో తప్పక రాయి.

నీ
చిన్నమ్మాయి