గుంట గట్టు మీద అమలు కాని ధర ఎందుకు ప్రకటిస్తారు?

గౌరవనీయులైన రాష్ట్ర మత్స్యశాఖ మంత్రి గారికి,

ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల రొయ్య రైతుల నమస్కారాలు. అర్జీలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయి ఈ లేఖ రాస్తున్నాం.

2009లో వెనామీ అనే విదేశీ రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చాక మా గుంటల్లో మా చేతిలో ఉన్నది తక్కువ. తల్లి రొయ్య విదేశం నుంచి రావాలి, సరుకులో పెద్ద వాటా అమెరికాకే పోవాలి. అక్కడి దుకాణాల్లో చవగ్గా దొరకడం కోసం ఇక్కడ మా ధర తెగ్గోస్తారు. 2025 ఆగస్టు 27న అక్కడ మన సరుకు మీద దిగుమతి సుంకం 50 శాతం చేస్తే ఆ దెబ్బ ముందుగా తగిలింది మా గుంటలకే.

100 కౌంట్, అంటే కిలోకు వంద తూగే రొయ్య, లెక్క చూడండి. వందకు డెబ్బై బతికితే కిలో రొయ్యకు 143 పిల్లలు వదలాలి. పిల్ల 40 పైసలనుకున్నా రూ.57. మేత కిలోంబావు, కిలో రూ.90 వేసుకుంటే రూ.112. ఇక్కడికే దాదాపు రూ.170. కరెంటు, డీజిల్, మందులు, కూలీ, లీజు ఇంకా కలపలేదు. వైట్ స్పాట్ వైరస్ జబ్బు తగిలితే ఈ లెక్కే ఉండదు.

గుంటలో రొయ్యలు పట్టే పట్టుబడి రోజు తమరు ఒక్కసారి గట్టు మీద నిలబడి చూడండి. ముందురోజు ఫోన్‌లో ఒప్పుకున్న ధర, ఐస్ లారీ వచ్చి వల లాగాక మారిపోతుంది. 100 కౌంట్‌ను 108 అంటారు. సాఫ్ట్ అని, అంటే పెంకు మెత్తగా ఉందని, కొంత పక్కన పడేస్తారు. వద్దని పంపేయగలమా? అప్పటికే సగం నీళ్లు తీసేసి ఉంటాం. ఆ నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరగవు, తెల్లారేసరికి ఆక్సిజన్ పడిపోయి రొయ్య చచ్చి తేలుతుంది. కొనేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

మీరు కౌంట్ వారీగా ప్రకటించే ధర ఆ పూట ఎక్కడుంటుంది సార్? సుంకం పెరిగిందంటే గంటల్లో పడిపోయే ధర, తగ్గిందంటే అలా ఎందుకు లేవదు? 2024 కేంద్ర బడ్జెట్‌లో రొయ్యల మేత దిగుమతి సుంకం 5 శాతానికి తగ్గించారు. బస్తా మీద మాకు ఎంత తగ్గిందో మీ శాఖ లెక్క తీసిందా? ప్రభుత్వం గుర్తించిన ఆక్వా జోన్ బయట ఉన్నందుకు యూనిట్ రూ.1.50కే ఇచ్చే రాయితీ కరెంటు అందని గుంటల గోడు మళ్లీ చెప్పాల్సి రావడం బాధగా ఉంది.

కావలి, ఒంగోలు, నెల్లూరు రైతు బజార్ల పక్కన కోల్డ్ రూములతో రొయ్యల అంగళ్లు పెట్టించండి. పండించిన ఊళ్లోనే జనం చికెన్ కొన్నంత తేలిగ్గా రొయ్యలు కొనలేకపోతున్నారు.

పట్టుబడికి ముందే ధర, కౌంట్ కాగితం మీద రాయించి, తూకం దగ్గర మీ సిబ్బందిని ఉంచండి. మాట తప్పిన వాళ్ల మీద చర్య తీసుకోండి. వచ్చే పట్టుబడిలోపు దయచేసి ఇదైనా చేయండి.

ఇట్లు,
రొయ్య రైతులు, నెల్లూరు జిల్లా