మామోగ్రామ్ రిపోర్టులో ఆ ఒక్క లైను అర్థమయ్యేలా రాయించండి

కర్ణాటక ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది అనంతపురం. 20 ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. పోయినేడాది మా అక్క ఇక్కడే ఒకచోట మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, చేయించుకుంది. కౌంటర్లో కవరు చేతికిచ్చి "నార్మల్" అన్నారు. రెండో పేజీలో చిన్న అక్షరాల్లో "డెన్సిటీ సి" అని ఉంది. దాని అర్థం ఎవరూ చెప్పలేదు. 8 నెలలకు స్నానం చేస్తుంటే గడ్డ చేతికి తగిలింది. ఇప్పుడు కీమో నడుస్తోంది.

రొమ్ములో కొవ్వు తక్కువ, గ్రంథుల కణజాలం ఎక్కువ ఉంటే డెన్స్ అంటారు. ఎ నుంచి డి దాకా నాలుగు రకాల్లో సి, డి ఆ కోవలోవి. అదేమీ జబ్బు కాదు, చాలామందికి ఉండేదే. తాకి చూస్తే తెలియదు కూడా. కానీ మామోగ్రామ్‌లో ఆ కణజాలమూ తెల్లగానే, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. పాలల్లో సున్నపు బొట్టు వెతికినట్టు! పైగా డెన్సిటీ ఎక్కువైతే క్యాన్సర్ ముప్పూ కొంత పెరుగుతుంది.

అమెరికాలో 2024 సెప్టెంబరు 10 నుంచి మామోగ్రామ్ సెంటర్లు ఈ సంగతి తప్పనిసరిగా రాసివ్వాలి. ఇక్కడా అలాగే చేయించండి. కన్నడ, తెలుగు, తమిళం, ఉర్దూల్లో రెండు వాక్యాలు చాలండి: మీది డెన్స్ రొమ్ము, అల్ట్రాసౌండ్ కూడా అవసరమేమో డాక్టరును అడగండి.