ప్రశ్నలకు సమయం ఇప్పించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను హనుమకొండ నివాసిని. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై రెండేళ్లు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. పరకాల, ఆత్మకూరు, ములుగు వైపు బళ్లలో నా దగ్గర చదువుకున్న పిల్లల్లో కొందరు ఇవాళ విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేస్తున్నారు, కొందరు అక్కడే పాఠాలు చెబుతున్నారు. ఎక్కడ ఉపన్యాసం ఉందని తెలిసినా వెళ్లి వినడం నాకు కాలేజీ రోజుల నుంచీ ఉన్న అలవాటు. ఆ అలవాటుతోనే మొన్న చలికాలంలో ఉత్తర తెలంగాణలోని ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన జాతీయ సదస్సుకు వెళ్లాను. అక్కడ చూసినది మీ చెవిన వేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ విశ్వవిద్యాలయం పేరు రాయడం లేదు. ఒక్కచోటే జరిగేదైతే అక్కడి పెద్దలకే చెప్పి ఊరుకునేవాణ్ని.

సదస్సు కాకతీయుల నిర్మాణ కళ మీద. పదిన్నరకు ప్రారంభం, పదకొండు గంటలకు కీలకోపన్యాసం అని ఆహ్వానపత్రంలో అచ్చు వేశారు. అతిథులు వచ్చేసరికి పదకొండుంబావు అయింది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, వేదిక మీది పద్నాలుగు మందికీ ఒక్కొక్కరికి పూలగుత్తి, ఒక్కొక్కరి పరిచయం. ఆ తరువాత ప్రసంగాలు. సదస్సు విషయం మీద ఒక్క మాటైనా చెప్పినవారు ముగ్గురే. సంచిక ఆవిష్కరించారు, శాలువాలు కప్పారు, జ్ఞాపికలు ఇచ్చారు, ఫొటోలు దిగారు. అసలు ఉపన్యాసం చేయవలసిన ఆచార్యులు, వేరే రాష్ట్రం నుంచి రాత్రంతా రైల్లో ప్రయాణించి వచ్చిన పెద్దమనిషి, మైకు ముందుకు వచ్చేసరికి పన్నెండూ నలభై. ఆయన ఎంతో ఇష్టంగా పోగు చేసుకున్న ఛాయాచిత్రాలు తెచ్చుకున్నారు. స్తంభాల మీది నగిషీ దగ్గర ఆగి, ఒక గీతను చూపించి, ఉలి ఏ వైపు నుంచి నడిచిందో చెబుతున్నారు. నేను కుర్చీలో ముందుకు జరిగి వింటున్నాను. అంతలో నిర్వాహకుడు వెళ్లి ఆయన ముందు ఒక చీటీ పెట్టాడు. ఆయన దాన్ని చదివి, కళ్లజోడు సరిచేసుకుని, మిగతా చిత్రాలను ఒక్కొక్కటీ క్షణంసేపు చూపిస్తూ దాటించేశారు.

నా పక్కన డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి కూర్చుంది. హాలు నిండుగా కనిపించాలని వాళ్ల కాలేజీ నుంచి నలభై మందిని బస్సులో తీసుకొచ్చారట. ఆమె మాత్రం మనసు పెట్టి వింది. ఆహ్వానపత్రం వెనక ఖాళీ జాగా అంతా చిన్న అక్షరాలతో నింపేసింది. రామప్ప గుడి ఇటుకల ప్రస్తావన రాగానే ఒక కాగితం ముక్క చింపి ఏదో రాసి, "సార్, ఇలా అడగవచ్చా?" అని నాకు చూపించింది. అందులో ఇలా ఉంది: లోపల రంధ్రాలు ఉండటం వల్ల ఈ ఇటుకలు నీటి మీద తేలుతున్నాయంటే, ఎనిమిది వందల ఏళ్లుగా కురిసిన వానల్లో ఆ రంధ్రాల్లోకి నీరు ఎందుకు పోలేదు?

మంత్రి గారూ, నేను ముప్పై రెండేళ్లు సాంద్రత పాఠం చెప్పాను. రామప్ప ఇటుకలను ఉదాహరణగా ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. 1213లో రేచర్ల రుద్రుడు ఆ గుడి కట్టించాడని, గుడి శిఖరం బరువు తగ్గించడానికి తేలిక ఇటుకలు వాడారని, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చిందని పిల్లల చేత వల్లె వేయించాను. ఈ ప్రశ్న నాకు ఒక్కనాడూ తట్టలేదు. రంధ్రాలు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటే ఇటుక నీరు పీల్చుకుని బరువెక్కాలి. విడివిడిగా మూసుకుపోయి ఉంటే పీల్చుకోదు. లేదా పైనున్న గచ్చు పూత ఇంతకాలం కాపాడి ఉండాలి. ఏది నిజమో తేల్చి చెప్పగల మనిషి ఆ రోజు మాకు ఇరవై అడుగుల దూరంలో ఉన్నారు.

అమ్మాయి రాసిన చీటీ చేతులు మారి ముందు వరుస దాకా వెళ్లింది. వాలంటీరు దాన్ని వేదిక మీది బల్లపై, ఒక నీళ్ల సీసా కింద పెట్టడం చూశాను. వెంటనే అధ్యక్షులు లేచి, సమయాభావం వల్ల ప్రశ్నలకు అవకాశం ఇవ్వలేకపోతున్నామని, భోజనాలు సిద్ధంగా ఉన్నాయని ప్రకటించారు. హాలు ఐదు నిమిషాల్లో ఖాళీ అయింది. పూలగుత్తుల ప్లాస్టిక్ కాగితాలతో పాటు ఆ చీటీ కూడా చెత్తబుట్టలోకి పోయింది. అమ్మాయి ఏమీ అనలేదు. వాళ్ల బస్సు కోసం పరుగెత్తింది.

ఈ లేఖలో నేను అడిగేది ఒక్కటే. ప్రజల సొమ్ముతో జరిగే ప్రతి సదస్సులో కనీసం ఒక ఉపన్యాసం ఊరివాళ్లందరి కోసం ఉండాలి. అది తెలుగులో సాగాలి, సాయంత్రం జరగాలి, అందులో సగం సమయం వినేవారి ప్రశ్నలకే దక్కాలి.

ఉపన్యాసం వినడం ఈ ప్రాంతానికి కొత్తగా నేర్పవలసిన పని కాదు. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం వెలసింది 1904లో. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కోసం తిరగవలసిన నిజాం కాలంలోనే 1935లో సిరిసిల్లలో ఆంధ్ర మహాసభ జరిగింది. మాడపాటి హనుమంతరావు గారు అధ్యక్షత వహించారు. ఆ మహాసభకు మూలమైన సంఘటన గుర్తు చేయడం ఇక్కడ అవసరం. 1921 నవంబరులో హైదరాబాదులో సంఘసంస్కార సభ జరుగుతుంటే అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడటానికి లేచారు. సభలో అల్లరి చేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే కొందరు తెలుగువారు ఒకచోట చేరి ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. వేదిక మీద తెలుగు మాట వినిపించాలన్న పట్టుదల నుంచి అంత పెద్ద కదలిక పుట్టింది. నూరేళ్లు దాటాక అదే నేల మీద, వక్తా తెలుగువాడే, వినేవారూ తెలుగువారే అయిన సభలో, సగం మందికి అర్థం కాని ఇంగ్లీషులో కాగితం చూసి చదివి దిగిపోతున్నారు. నాకు ఇది చాలా బాధగా ఉంది.

శాస్త్ర విషయాలు తెలుగులో చెప్పలేమని కొందరు ఆచార్యులు నాతో వాదించారు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం, ఇంజనీరింగు సహా ఉర్దూలో బోధించారు. అందుకోసం ఒక అనువాద సంస్థనే నడిపారు. మనకు 1968 నుంచి తెలుగు అకాడమీ ఉంది, డిగ్రీ స్థాయి దాకా పుస్తకాలు ఉన్నాయి, పారిభాషిక పదాలు ఉన్నాయి. వాటిని నోటితో పలికే సందర్భమే కరువైంది. ఆర్థికశాస్త్ర ఆచార్యులు, కాకతీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన జయశంకర్ సార్‌ను తలచుకోండి. నదీజలాల వాటాలు, బడ్జెటు లెక్కలు, ఉద్యోగాల కోటాలు, ఇవన్నీ ఆయన మామూలు మాటల్లో చెబితే బళ్లో పంతులుకూ అర్థమయ్యేవి, బస్టాండులో టీ కొట్టు నడిపే మనిషికీ అర్థమయ్యేవి.

సదస్సులు ఇలా ఎందుకు తయారయ్యాయో నాకు అర్థం కాక కాదు. 2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన నిబంధనల్లో అధ్యాపకుల పదోన్నతికి పాయింట్ల లెక్క వచ్చింది. సదస్సులో పత్రం సమర్పిస్తే కొన్ని పాయింట్లు. 2016 నిబంధనలు పీహెచ్‌డీ విద్యార్థి సిద్ధాంత వ్యాసం ఇచ్చేలోపు రెండు సదస్సుల్లో పత్రాలు చదవాలన్నాయి. దాంతో పత్రం వినేవాళ్లు ఉన్నారా లేదా అన్నది ఎవరికీ పట్టని సంగతి అయిపోయింది, ధ్రువపత్రం చేతికి వస్తే చాలు. 2022లో పీహెచ్‌డీకి ఆ షరతు తీసేశారు. అలవాటు మాత్రం పోలేదు. పొద్దున రిజిస్ట్రేషన్ రుసుము కట్టి, మధ్యాహ్నం ఐదు నిమిషాలు చదివి, సాయంత్రం సర్టిఫికెట్ పుచ్చుకుని వెళ్లిపోయే పిల్లలను నేను తప్పు పట్టను. వాళ్లకు ఇంకో దారి చూపించినవారు లేరు. విశ్వవిద్యాలయాల్లో ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టుల సంగతి మీకు తెలుసు. ఉన్న కొద్దిమంది పాఠాలు చెప్పి, పరీక్షలు నడిపి, ఫైళ్లు చూసి, ఆ మిగిలిన ఓపికతో సదస్సు పెడుతున్నారు. అది వేరే ఉత్తరానికి తగిన విషయం.

ఒక ఉపన్యాసం వల్ల ఏమి ఒరుగుతుందని మీ అధికారులు అడగవచ్చు. 2021 చలికాలం గుర్తు తెచ్చుకోమనండి. నర్సంపేట, మహబూబాబాద్ వైపు మిరప తోటల్లో పూత మొత్తం రాలిపోయింది. నా స్నేహితుడి తమ్ముడు మూడు ఎకరాలు దున్నేశాడు. కొత్త రకం తామరపురుగు అది, నల్లగా ఉండి పువ్వులో దాక్కుంటుంది. 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద దాన్ని శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ సంగతి పరిశోధన పత్రికల్లో ఉంది. మన రైతు చెవికి చేరింది తోట పోయాక. దొరికిన మందల్లా కొట్టడం వల్ల పురుగును తినే మిత్ర పురుగులు కూడా చచ్చాయని, నీలిరంగు జిగురు అట్టలు పెడితే పురుగు ఉనికి ముందే తెలుస్తుందని ఆ తరువాత ఎప్పుడో విన్నారు. ఉపన్యాసంతో పురుగు చావదు, నాకు తెలుసు. కానీ ఏడాదికి ఒక్కసారి కీటకశాస్త్రం తెలిసిన మనిషి వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర్లో ఒక హాల్లో గంటసేపు తెలుగులో మాట్లాడి, ఇంకో గంట రైతుల ప్రశ్నలు వింటే, తెలియనిది ఇద్దరికీ తెలుస్తుంది. పువ్వు విప్పి పురుగును మొదట చూసేది రైతే కదా. ఆ స్నేహితుడి తమ్ముడు మరుసటి ఏడాది ఒక సదస్సుకు వెళ్తే, రిజిస్ట్రేషన్ చేయించుకున్నారా అని గుమ్మం దగ్గరే ఆపారు. "మనకు కాదట సారూ" అని చెప్పి తిరిగి బస్సెక్కాడు.

మీరు చేయగలిగినది చాలా ఉంది. యూజీసీ నిబంధనలు మీ చేతిలో లేవు, కానీ రాష్ట్ర నిధులు, ఉన్నత విద్యామండలి మీ చేతిలో ఉన్నాయి. సదస్సుకు నిధులు మంజూరు చేసే ఉత్తర్వులోనే బహిరంగ ఉపన్యాసం షరతు పెట్టించండి. వేళ సాయంత్రం ఐదున్నర అయితే ఉద్యోగులు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు రాగలుగుతారు, పరకాలకో నర్సంపేటకో తిరిగి వెళ్లడానికి బస్సూ దొరుకుతుంది. రుసుము ఉండకూడదు, గుర్తింపు కార్డు అడగకూడదు. వక్త ఇతర భాషల వారైతే పక్కన ఒక పరిశోధక విద్యార్థి తెలుగులో చెప్పవచ్చు. ఆ విద్యార్థికి అంతకు మించిన శిక్షణ ఉండదు. సన్మానాలు ఉంటే ఉపన్యాసం, ప్రశ్నలు పూర్తయ్యాక పెట్టుకోమనండి. మీరు ముఖ్య అతిథిగా వెళ్లిన చోట కూడా ముందు ఉపన్యాసం కానివ్వమని మీరే ఒక్క మాట చెబితే, అది చూసి రాష్ట్రమంతా మారుతుంది. ఈ మాట గట్టిగా నమ్మి రాస్తున్నాను.

అడిగిన ప్రశ్నలూ, వాటికి వచ్చిన జవాబులూ రాసి సదస్సు సంచికలో అచ్చు వేయించండి. చీటీలు నీళ్ల సీసాల కింద మిగిలిపోకుండా ఉండటానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తోచలేదు. రికార్డు చేసినవాటిని రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానెల్ టీ-సాట్‌లో ప్రసారం చేస్తే భూపాలపల్లిలో, ఆసిఫాబాద్‌లో ఉన్న పిల్లలకు కూడా అందుతాయి. హాళ్లకు కొరత లేదు. కాళోజీ కళాక్షేత్రం 2024 నుంచి హనుమకొండలో అందుబాటులో ఉంది. నెలలో ఒక్క సాయంత్రం దాన్ని ఇందుకు కేటాయించమని కోరుతున్నాను.

కాళోజీ గారి పుట్టినరోజు సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుతున్నాం. ఈ ఏడాది ఆ రోజున మొదటి ఉపన్యాసం పెట్టించండి. రామప్ప ఇటుకలను పరీక్షించినవారు ఎవరైనా వస్తే మరీ సంతోషం. ఆ అమ్మాయి ఏ కాలేజీలో చదువుతుందో నాకు తెలుసు, వెళ్లి పిలుచుకొస్తాను. మా కాలనీలో విశ్రాంత ఉపాధ్యాయులం తొమ్మిది మందిమి ఉన్నాం. గ్రంథాలయాల్లో, బళ్లలో, మార్కెట్ యార్డులో ప్రకటనలు అతికించడం, కుర్చీలు సర్దడం, ప్రశ్నలు రాసుకోవడం మేము చూసుకుంటాం. హాలు తాళాలు ఎవరిని అడగాలో మీ కార్యాలయం నుంచి కబురు చేస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
హనుమకొండ