బీచ్‌కి వెళ్తూ ఇన్‌హేలర్ ఇంట్లో వదిలేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఫ్లోరిడాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నల్లో ఆయాసం ఉన్నవాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

2018 సెప్టెంబరులో నేను టాంపాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఒక ఆదివారం సరసోటా దగ్గర సియెస్టా కీ బీచ్‌కి తీసుకెళ్లారు. కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని, ఉప్పుగాలి ఆయాసానికి మంచిదని చిన్నప్పటి నుంచీ విన్నదాన్ని, అందుకే ఇన్‌హేలర్ బ్యాగులో కూడా పెట్టుకోలేదు. ఇసుక ముగ్గుపిండిలా తెల్లగా ఉంది, నీటి అంచున మాత్రం వరసగా చచ్చిన చేపలు. పది నిమిషాలు కాలేదు, గొంతులో కారం పడ్డట్టు దగ్గు, కళ్లు మంట, కాసేపటికి ఛాతీలో పిల్లికూతలు. జలుబు చేసిందేమో అన్నాడు మా అల్లుడు. చుట్టూ చూస్తే అందరూ దగ్గుతున్నారు. ఇంటికొచ్చి రెండు పఫ్‌లు తీసుకునేదాకా కారులో గంటకు పైగా నేను పడ్డ అవస్థ ఇప్పటికీ మర్చిపోలేను.

దాన్ని రెడ్ టైడ్ అంటారు. కరీనియా బ్రెవిస్ అనే సూక్ష్మమైన నాచు ఫ్లోరిడాకి పడమర వైపున్న గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్ర తీరంలో విపరీతంగా పెరిగిపోతుంది. అప్పటిది 2017 చివర్లో మొదలై 2019 మొదటి దాకా ఉంది, 2018 ఆగస్టులో గవర్నర్ ఎమర్జెన్సీ కూడా ప్రకటించారు. ఆ నాచు కణాలు చాలా సున్నితం, అలల తాకిడికే పగిలిపోతాయి, అప్పుడు బయటికొచ్చే బ్రెవిటాక్సిన్ అనే విషం నురగ బుడగలతో గాల్లోకి లేచి సన్నటి తుంపర్లుగా ఒడ్డుకి కొట్టుకొస్తుంది. కాబట్టి నీళ్లలో కాలు పెట్టనక్కర్లేదు, ఊపిరి పీలిస్తే చాలు. మామూలు వాళ్లకి అక్కణ్ణుంచి వచ్చేస్తే చాలావరకు దగ్గు తగ్గిపోతుంది, మన బోటివాళ్లకి శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. అదే సియెస్టా కీ బీచ్‌లో ఆస్తమా ఉన్నవాళ్లని గంటసేపు ఉంచి పరీక్షిస్తే ఊపిరితిత్తుల శక్తి తగ్గిందని, ఆ ప్రభావం కొన్ని రోజుల పాటు ఉందని పరిశోధకులు రాశారు. నాకూ నాలుగు రాత్రులు నిద్ర లేదు.

చేపలు చచ్చిపోతున్నాయని మా వాళ్లు వార్తల్లో చూశారట, అది నా ఊపిరికి సంబంధించిన సంగతని మాత్రం ఎవరికీ తట్టలేదు. నా బాధంతా అదే.

ఇది ఎక్కువగా అక్కడి వేసవి చివర, అంటే మన దసరా రోజుల్లోనే మొదలవుతుంది. నోవా (NOAA) అనే అమెరికా ప్రభుత్వ సంస్థ ఏ బీచ్‌లో దగ్గు వచ్చే అవకాశం ఎంతో నెట్‌లో చెబుతుంది, బయల్దేరే ముందు మీ పిల్లల్ని ఒకసారి చూడమనండి. గాలి సముద్రం మీంచి ఒడ్డుకి వీస్తుంటే ఆ పూట ఇంట్లో తలుపులు వేసుకుని ఏసీలో ఉండండి. బీచ్ ఇంకోరోజు చూడొచ్చు.

దయచేసి ఈ ఉత్తరాన్ని ఆ ప్రయాణాల సీజన్‌కి ముందే వేయండి.

— ఒక పాఠకురాలు, కాకినాడ