మందుల చీటీలో నడక కూడా రాయండి

సంపాదకుడు గారికి,

కిడ్నీ దెబ్బతిందని తెలియగానే ఇంటిల్లిపాదీ కలిసి ఆ మనిషిని మంచానికి పరిమితం చేస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఈ జబ్బులో డయాలసిస్ దాకా వెళ్లేవాళ్ల కన్నా, అంతకుముందే గుండె, రక్తనాళాల జబ్బుతో పోయేవాళ్లే ఎక్కువ. కదలకుండా కూర్చుంటే పాడయ్యేవి ముందు ఆ నాళాలే.

రక్తనాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేస్తుంది. నాళం వదులై రక్తం సాఫీగా పారేది దాని వల్లే. 1998లో వైద్య నోబెల్ వచ్చింది ఈ సంగతి కనిపెట్టినందుకే. కిడ్నీ పని తగ్గితే ఏడీఎంఏ అనే పదార్థం రక్తంలో పేరుకుని ఆ తయారీకి అడ్డుపడుతుంది. పెరిగిన ఫాస్ఫరస్ వల్ల నాళాల గోడల్లో కాల్షియం చేరి, అవి ఎండకు ఎండిన రబ్బరు పైపులా బిరుసెక్కుతాయి. పై బీపీ పెరుగుతుంది, ఆ పోటు మిగిలి ఉన్న కాస్త కిడ్నీ మీదే పడుతుంది. చురుగ్గా నడిస్తే రక్తం వేగంగా పారుతూ గోడను ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడికి లోపలి పొర మళ్లీ పని అందుకుంటుంది. డయాలసిస్ అవసరం పడని రోగుల్లో 12 వారాల ఏరోబిక్ వ్యాయామంతో సన్న నాళాల పనితీరు మెరుగైనట్టు పరిశోధనల్లో తేలింది. కిడ్నీ పనితీరును చెప్పే రక్తపరీక్ష అంకె క్రియాటినిన్ దిగిపోతుందని మాత్రం ఎవరికీ ఆశ పెట్టకూడదు. గోడలో గట్టిపడిన కాల్షియం కూడా నడకతో కరగదు. మానేస్తే వచ్చిన లాభం కొన్ని వారాల్లోనే పోతుంది.

కిడ్నీ వైద్యానికి అంతర్జాతీయంగా పాటించే కేడిగో 2024 మార్గదర్శకాలు, ఒంటికి తట్టుకునే శక్తిని బట్టి, వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చెబుతున్నాయి. అలవాటు లేనివాళ్లు రోజుకు 10 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుకుంటే చాలు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడబోతే ఆయాసం రావాలి. అదే సరైన వేగం. మెటోప్రొలాల్ లాంటి బీపీ, గుండె మాత్రలు వాడేవాళ్లకు నాడి అంతగా పెరగదు కాబట్టి, నాడి చూసి వేగం పెంచుకోవడం ప్రమాదం. దీనికి ముందు ఐదు నిమిషాలు, తర్వాత ఐదు నిమిషాలు మెల్లగా నడవాలి. ఒక్కసారిగా ఆగితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. పొద్దున బీపీ 180/110 దాటి ఉంటే ఆ రోజు నడక వద్దు. ఛాతీలో నొప్పి, గుండెదడ వస్తే అక్కడికక్కడే ఆగిపోవాలి.

చాలామంది దెబ్బతినేది నడక అయిపోయాకే. మన తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ మైదానం బయట టెంకాయ నీళ్లు తాగి రావడం మామూలే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు దానివల్ల గుండె లయ తప్పవచ్చు. ఓఆర్ఎస్ ప్యాకెట్‌కూ ఇదే వర్తిస్తుంది. మోకాలు నొప్పి పుడితే మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అడిగి కొనడం ఇంకా పెద్ద పొరపాటు. అవి కిడ్నీకి రక్తం సరిగా అందకుండా చేస్తాయి. కిడ్నీ మందగిస్తే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది కాబట్టి, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు షుగర్ 100 లోపు ఉంటే ఏదైనా తినే బయల్దేరాలి, జేబులో గ్లూకోజ్ ఉండాలి. రక్త, మూత్ర పరీక్షలకు ముందురోజు గట్టి వ్యాయామం చేస్తే క్రియాటినిన్, ప్రోటీన్ తాత్కాలికంగా పెరిగి అనవసరమైన కంగారు పుట్టిస్తాయి. మన ఎండల సంగతి చెప్పక్కర్లేదు. టెల్మిసార్టన్ అనే బీపీ మాత్రతో పాటు మూత్రం పోయే మాత్రలు వాడేవాళ్లు చెమట పట్టి నీరు కోల్పోతే, ఉన్న కిడ్నీ కూడా ఒక్కరోజులో దెబ్బతినవచ్చు. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఏడు గంటలలోపే ముగించుకోవాలి.

మొక్కు ఉందని అలిపిరి దగ్గర 3,550 మెట్లు ఒక్కసారిగా ఎక్కేయడం ఈ లెక్కలోకి రాదు. అది చాలా గట్టి శ్రమ, డాక్టరును అడగకుండా తలపెట్టవద్దు.

డయాలసిస్ మంచం మీద నాలుగు గంటలు పడుకునే సమయాన్ని కూడా వాడుకోవచ్చు. మొదటి రెండు గంటల్లో, కాళ్లకు అమర్చిన పెడల్ యంత్రం తొక్కించవచ్చు. తర్వాతైతే నీరు తీసేయడంతో బీపీ పడిపోయే ప్రమాదం ఎక్కువ. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చే నాళం) ఉన్న చెయ్యి కదలకూడదు, పక్కన ఫిజియోథెరపిస్టు ఉండాలి. మన స్విమ్స్ ఆసుపత్రిలో నెఫ్రాలజీ (కిడ్నీ వైద్య) విభాగమూ, ఫిజియోథెరపీ కళాశాలా రెండూ ఉన్నాయి. ఈ పని మొదలుపెట్టడానికి మన ఊళ్లో అంతకన్నా అనువైన చోటు లేదు. ప్రతి కిడ్నీ ఓపీలోనూ మందుల కింద "ఇన్ని నిమిషాలు, ఈ వేగం, ఇన్ని రోజులు" అని రాసి ఇవ్వాలి.

కార్పొరేషన్‌ను అడిగేది కూడా పెద్దదేం కాదు. పార్కులు తెల్లవారుజామున ఐదింటికే తెరిపించండి. నడక దారి పొడవునా వంద మీటర్లకొక బెంచీ వేయించండి. కిడ్నీ జబ్బు బాగా ముదిరిన నాలుగో దశ రోగి పది నిమిషాల నడకలో రెండుసార్లైనా కూర్చోవాల్సి రావచ్చు.

- కిడ్నీ రోగులతో పనిచేసే ఫిజియోథెరపిస్టులు, తిరుపతి