డోలక్ బాబాయి పూజకి వచ్చాడు

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, కోప్పడకు. వరసగా బి షిఫ్టులు, మధ్యలో అమ్మకి జ్వరం. ఇప్పుడు బాగుంది. చెల్లి సంబంధం ఇంకా తేలలేదు. నీ బండి మీ తమ్ముడే తిప్పుతున్నాడు. అవన్నీ తర్వాత. డోలక్ బాబాయి మన చర్చిలో ఆదివారం పూజకి వచ్చాడురా!

పిన్ని పోయాక పదకొండేళ్లు గుడి గడప తొక్కని మనిషి! దేవుడి మీద అలిగాడని కదా మనం అనుకున్నాం. అది కాదురా.

పోయినేడు మా ఫాదర్ విచారణని, అదే మన గుడి పరిధిలోని కుటుంబాలన్నిటినీ, వీధుల వారీగా చిన్న సమాజాలుగా చేశారు. మాది పద్నాలుగు ఇళ్లు. గురువారం రాత్రి ఎవరో ఒకరింట్లో కూర్చుని, రాబోయే ఆదివారం సువార్త ముందే చదువుకుంటాం. దక్షిణాఫ్రికాలోని లుమ్కో సంస్థ వాళ్ల ఏడు మెట్ల పద్ధతి ఇది. ప్రభువుని పిలవడం, చదవడం, మనసుకి తగిలిన మాటని మూడుసార్లు పైకి అనడం, కాసేపు మౌనం, మనసులోది పంచుకోవడం, ఏం చేద్దామో అనుకోవడం, ప్రార్థన. ఆసియా మేత్రానులు (బిషప్పులు) 1990లోనే ఇండోనేసియాలోని బాండుంగ్‌లో కూడి, సంఘం ఇలా చిన్న సమాజాల కూడిక కావాలన్నారని ఫాదర్ చెప్పారు. నాకప్పుడు ఎక్కలేదు. ఇంకో మీటింగే కదా అనిపించింది.

ఆ గురువారం కరెంటు పోయింది. లోపల ఉక్క. చాపలు వీధిలో వేశాం, సరిగ్గా బాబాయి అరుగు ముందు. ఫోను లైటు పట్టుకుని ఒక పాప ఎమ్మావు దారి కథ చదివింది, అదే, లేచిన యేసు పక్కనే నడిచినా ఇద్దరు శిష్యులు గుర్తుపట్టలేదే, అది. తలా ఒక మాట అంటున్నాం, ‘పొద్దు గుంకింది’ అని ఒకరు, ‘రొట్టె విరిచినప్పుడు’ అని ఒకరు. ఇంతలో అరుగు మీద చీకట్లోంచి: ‘మాతో ఉండు.’ మూడుసార్లు అన్నాడురా. ఆ గొంతు నీకు తెలుసు కదా.

పంచుకునే వేళ ఆయనే మాట్లాడాడు. ‘మీ పిన్ని పోయాక మూడు వారాలు గుడికి రాలేదు. ఎవరైనా ఎందుకు రాలేదని అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు. ఇక రాబుద్ధి కాలేదు.’

అంతే. ఎవరికీ నోరు పెగల్లేదు. రోజూ ఆ అరుగు ముందు నుంచే డ్యూటీకి పోతాను, ‘తిన్నావా బాబాయ్’ అంటాను. ఆ ఒక్క మాట మాత్రం... సరే. డిసెంబరు 8న ఆయన డోలక్ మోసుకుంటూ విశాఖ రాస్ హిల్ మేరీమాత గుడి మెట్లెక్కింది మనిద్దరమే కదా. మూడో మలుపు గుర్తుందా? ఇంకెవరికీ చెప్పలేదులే.

‘ఏం చేద్దాం’ అనే మెట్టు దగ్గర మామూలుగా రోగుల్ని చూసొద్దాం అంటాం. ఆ రాత్రి మూలింటి మామ్మ, ‘ఆదివారం నీ ఇంటి మీదుగానే పోతాం, తయారుగా ఉండు’ అంది. వెళ్లేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పద్దెనిమిది మందిమి నడిచాం.

ఫాదర్ ప్రసంగంలో వాటికన్ మహాసభ 1963లో ఆరాధన మీద ఇచ్చిన పత్రం గురించి చెప్పారు. విచారణలో అందరం ఒకటనే భావం అన్నిటికంటే ఎక్కువగా ఆదివారం పూజలోనే పెరగాలని అందులో ఉందట. మా వీధిలో కొందరు గురువారం చాలు అంటున్నారు. నేనొప్పుకోను. చాప మీద మాట దొరికింది, కానీ రొట్టె విరిచేది బలిపీఠం దగ్గరే కదా. ఆ ఇద్దరూ ఆయన్ని గుర్తుపట్టింది అప్పుడే.

బాబాయి సత్ప్రసాదానికి, అదే పూజలో ఇచ్చే రొట్టెకి, లేవలేదు. ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేసి పాపాలు ఒప్పుకున్నాకే తీసుకుంటానన్నాడు. పాట మొదలయ్యాక మాత్రం ఆయన వేళ్లు బెంచీ మీద తాళం వేశాయి. పక్కనే ఉన్నాను, చూశాను. నాకు కళ్లు...

కువైట్‌లో మీకు శుక్రవారమే పూజ కాబట్టి ఆ సువార్త మాకంటే ముందే విని ఉంటావు. అక్కడ నువ్వొక వారం రాకపోతే అడిగేవాళ్లున్నారా? దాచకుండా రాయి. మీ క్యాంపులో నలుగురు తెలుగువాళ్లున్నారన్నావు కదా, వాళ్లతో

బస్సు హారన్ కొడుతోంది. మిగతాది మళ్లీ రాస్తాను. బాబాయి నీ నంబరు అడిగాడు, ఇచ్చాను. ఫోన్ ఎత్తు.

నీ
మావ