‘మా రేవా’ను హారతి పాటగా సరిపెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

2027 గోదావరి పుష్కరాలు దగ్గర పడుతున్న సందర్భంగా నదుల మీద వచ్చిన పాటలను పరిచయం చేస్తూ మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. సినిమా పాటల దగ్గరే ఆగిపోకుండా ఇండియన్ ఓషన్ బ్యాండ్ పాడిన ‘మా రేవా’ను కూడా చేర్చినందుకు సంతోషం. అయితే ఆ పాటను నర్మదా నదికి రాక్ సంగీతంలో ఇచ్చిన హారతి అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఏళ్ల తరబడి ఆ పాట వింటున్నవాడిగా అది నాకు కష్టం కలిగించింది.

మాటల వరకే చూస్తే వ్యాసకర్తను తప్పుపట్టలేం. రేవా అంటే నర్మదే. అమర్‌కంటక్‌లో పుట్టావు తల్లీ, నీ నీళ్లు నిర్మలం, గలగలా పారిపోతున్నావు అని నదిని పొగడటమే పాటంతా. ఆనకట్ట ఊసు లేదు, సర్కారును నిలదీసిన మాట లేదు. పండగ పూట గుడి మైకులో వేసినా ఎవరూ అభ్యంతరం చెప్పరు.

కానీ ఆ పాట ఢిల్లీలో కూర్చుని కట్టింది కాదు. నర్మద లోయలో జనం పాడుకునే పాట. 1990లో ఢిల్లీలో మొదలైన ఈ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయిస్తూ పాడే రాహుల్ రామ్, అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషశాస్త్రంలో డాక్టరేట్ చేసి వచ్చి, గుజరాత్‌లో నర్మదపై కడుతున్న సర్దార్ సరోవర్ ఆనకట్ట ముంపుకు వ్యతిరేకంగా సాగిన నర్మదా బచావో ఆందోళనలో పనిచేశారు. లోయ పాటలు ఆయన వెంట బ్యాండ్‌లోకి వచ్చింది ఆ దారినే. ‘మా రేవా’ ఉన్న ‘కందీసా’ ఆల్బమ్ 2000లో వెలువడింది. అదే ఏడాది అక్టోబరు 18న సుప్రీంకోర్టు 2-1 మెజారిటీతో సర్దార్ సరోవర్ నిర్మాణం కొనసాగించవచ్చని తీర్పు చెప్పింది. 2017లో ఆనకట్టను జాతికి అంకితం చేశారు. 2019 సెప్టెంబరులో జలాశయం మొదటిసారి పూర్తి మట్టం 138.68 మీటర్లకు నిండింది. మధ్యప్రదేశ్‌లో చిఖల్దా, నిసర్‌పుర్ లాంటి ఊళ్లు నీళ్లపాలయ్యాయి.

ఇప్పుడు ఆ గలగలా పారే నీటి దగ్గరకే మళ్లీ వెళ్లి వినండి. జలాశయంలో నీళ్లు పారవు, నిలబడతాయి. ముంపు ఊళ్లవాళ్లు నోరారా పాడుకున్న ఆ పారడమే వాళ్ల కళ్లముందు ఆగిపోయింది. పాటలో ఒక్క అక్షరమైనా మారలేదు. అయినా ఆ పొగడ్తలో ఇప్పుడు నాకు ఫిర్యాదు కూడా వినిపిస్తుంది.

అలాగని ఇది ఉద్యమ గీతమే, భక్తి పైపూత మాత్రమే అనేవాళ్లతోనూ నేను ఏకీభవించను. అలా అనడం లోయ జనాన్ని అవమానించడమే. నర్మదను కుడివైపు ఉంచుకుని నది చుట్టూ కాలినడకన పరిక్రమ చేసే సంప్రదాయం వాళ్లది. మహారాష్ట్రలోని మణిబేలి అనే ఊరి దగ్గరి పాత శూలపాణేశ్వరుడి గుడి సర్దార్ సరోవర్ నీళ్లలోనే మునిగింది. ‘మునుగుతాం కానీ కదలం’ అని వాళ్లు నినాదం ఎత్తుకున్నప్పుడు, కదలనన్నది పొలం కోసం ఎంతో ఆ తల్లి ఒడ్డు కోసమూ అంతే. వాళ్లకు మొక్కు వేరు, పోరు వేరు కాదు. పాట బలమంతా అక్కడే ఉంది. నదిని తల్లి అన్నవాడు, ఆ తల్లికి అడ్డంగా గోడ కడుతుంటే ఊరుకోకపోవడంలో వింతేముంది?

అదే ఆల్బమ్‌లోని ‘కందీసా’ సంగతి చూడండి. కేరళ సిరియన్ క్రైస్తవులు అరామిక్ భాషలో చేసే ప్రార్థన అది. ఒక్క ముక్క అర్థం కాదు కనుక విన్న ప్రతివాడూ అదేమిటని ఎవరినో ఒకరిని అడిగి తెలుసుకుంటాడు. ‘హిల్లే రే’ హిందీ కవి గోరఖ్ పాండే రచన అని కూడా ఆసక్తి ఉన్నవాళ్లకు తెలుసు. ‘మా రేవా’ మాత్రం వినగానే అర్థమైనట్టే ఉంటుంది. అందుకే ఎవరూ అడగరు. పైగా ‘సంప్రదాయ గీతం’ అని ముద్ర వేస్తే అడగాల్సిన అవసరమే లేకుండా పోతుంది. ఎవరి సంప్రదాయం, ఏ ఊరివాళ్లది, ఆ ఊరు ఇప్పుడుందా? పాట అర్థంలో సగం ఈ ప్రశ్నల దగ్గరే దొరుకుతుంది.

ఇదంతా మనకెందుకు అనుకోవడానికి లేదు. పోలవరం కాఫర్ డ్యామ్ (అసలు ఆనకట్ట కట్టేందుకు నదికి అడ్డంగా వేసే తాత్కాలిక కట్ట) వచ్చాక గోదావరికి వరద తగిలితే చాలు, గండి పోచమ్మ గుడి నీళ్లలో ఉంటోంది. దేవీపట్నం మండలంలో గోదావరి ఒడ్డున బతికిన కొండరెడ్లు, కోయలు, మిగతా కులాలవాళ్లు పునరావాస కాలనీలకు చేరారు. పోలవరం కావాలా వద్దా అన్న వాదనలోకి నేను వెళ్లడం లేదు. డెల్టా రైతుకు నీళ్ల విలువ ఏమిటో నాకూ తెలుసు. కానీ ఆ ఊళ్లలోనూ గోదారమ్మ మీద పాటలున్నాయి. పుష్కరాల హడావుడిలో ఆ పాటలను కూడా ఎవరో పట్టుకొచ్చి, మంచి వాయిద్యాలు జోడించి, ఊరి పేరు ఎగరగొట్టి ‘జానపదం’ అని వదిలేస్తారేమోనని నా భయం. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోకి తీసుకున్న ‘సారంగ దరియా’ జానపదం ఎవరిదన్న దాని మీద ఎంత రగడ జరిగిందో మీ పాఠకులు మరచిపోలేదు.

కాబట్టి మీకు రెండు మనవులు. ‘మా రేవా’ లోయ నుంచి వచ్చిన పాట అని, దాని వెనక సర్దార్ సరోవర్ నిర్వాసితుల కథ ఉందని వచ్చే ఆదివారం నాలుగు వాక్యాల్లోనైనా వేయండి. రెండోది, పుష్కరాల ప్రత్యేక సంచిక కోసం మీ విలేకరిని పోలవరం నిర్వాసితుల కాలనీలకు పంపండి. అక్కడి ముసలమ్మలను కూర్చోబెట్టి నది పాటలు రాయించుకోండి. వాటిని అచ్చు వేసేటప్పుడు ప్రతి పాట కిందా పాడినవాళ్ల పేరు, వాళ్లు వదిలి వచ్చిన ఊరి పేరు తప్పకుండా ఉంచండి.

భవదీయుడు,
మీ పాఠకుడు,
రాజమహేంద్రవరం